వాసన పోయింది సరే, జహర్ పోయిందా?



పోయిన వానాకాలంలో ఒకరోజు ఫజర్ నమాజ్ ముగించుకుని మస్జిద్ మెట్లు దిగుతుంటే మా మొహల్లా ఖాలా ఒకామె నన్ను ఆపింది. చేతిలో స్టీలు చెంబు. "బేటా, ఈ నీళ్లు కొంచెం వాసన చూడు. స్కూటర్ వాసన వస్తాందా లేదా? ఇంట్లో చెప్తే నాకే ఏదో అయిందంటాండారు" అంది. చూశాను. వస్తోంది. పెట్రోల్ ట్యాంకు మూత తీసినప్పుడు వచ్చే వాసనే, పలచగా.

మా మస్జిద్ బోరు నీళ్లే వెనక గల్లీలో ఉన్న ఇళ్లకు ఆధారం. కొళాయి నీళ్లు వచ్చిన రోజు వచ్చినట్టు, రాని రోజు రానట్టు. గల్లీ చివర మెయిన్ రోడ్డు, ఆ రోడ్డు మీద చాలా ఏళ్లుగా ఉన్న పెట్రోల్ బంకు. ఆ జుమా రోజు కమిటీవాళ్లు వెళ్లి బంకువాళ్లతో మాట్లాడారు. వాళ్లు మర్యాదగానే మాట్లాడి ఒక మనిషిని పంపారు. ఆయన వుజూఖానా కొళాయి తిప్పి, ఖాళీ వాటర్ బాటిల్‌లో నీళ్లు పట్టుకుని వెళ్లాడు. వారానికి రిపోర్టు వచ్చింది. తాగడానికి యోగ్యం అని కింద ముద్ర. అప్పటికి వానలు తెరిపిచ్చాయి, వాసన కూడా పోయింది. సదర్ సాబ్ మైకులో ఎలాన్ చేశారు. అందరూ అల్‌హమ్దులిల్లాహ్ అనుకుని ఇళ్లకు వెళ్లారు.

నేను ఆ కాగితం అడిగి తీసుకున్నాను. పీహెచ్ ఉంది. టీడీఎస్ ఉంది. కాఠిన్యం, క్లోరైడ్, ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము ఉన్నాయి. కోలీఫామ్ బ్యాక్టీరియా ఉందో లేదో కూడా చూశారు. ఒక్క పెట్రోలు గురించి మాత్రం ఒక్క వరుస కూడా లేదు. ఫిర్యాదు పెట్రోలు వాసన గురించి. వెతికింది పెట్రోలు తప్ప మిగతావన్నీ. కాలు విరిగిందని ఆస్పత్రికి వెళ్తే కళ్లు పరీక్ష చేసి "అంతా ఖైరియత్" అని పంపేసినట్టుంది ఇది.

ఈ రోజు నా గుస్సా ఆ కాగితం మీద. దాన్ని చూసి షుకర్ చెప్పుకున్న మన మీద కూడా.

ముందు మన సంగతి. వాసన వచ్చిన రోజు మొహల్లాలో ఎక్కువమంది అడిగిన సవాల్ ఒకటే: "ఈ నీళ్లతో వుజూ అవుతుందా?" పేష్ ఇమామ్ సాబ్ తనకు తెలిసిన జవాబు ఇచ్చారు. నీటి రంగు, రుచి, వాసన గురించి ఫిఖ్హ్ కితాబుల్లో ఉన్నది చెప్పారు. పెట్రోలు నజాసత్ కిందికి వస్తుందా రాదా, అది కలిసిన నీటి హుకుం ఏమిటి అన్న మస్అలా ముఫ్తీ సాహెబులది. నేను ఆలిమ్‌ను కాను, అందులో వేలు పెట్టను. నేను అడిగేది వేరు. వుజూ అవుతుందన్న జవాబును "అయితే పిల్లలకు తాగించొచ్చు" అని మనం ఎలా అర్థం చేసుకున్నాం? తహారత్ ఒక సవాల్, సెహత్ ఇంకో సవాల్. మొదటిది ఇమామ్ సాబ్‌ని అడగాలి. రెండోది ల్యాబ్‌ని అడగాలి. రెండో సవాల్ అడగాల్సిన చోట అడగకుండా, మొదటిదాని జవాబుతో నోరు మూసుకోవడం దీన్‌దారీ అనిపించుకోదు. అది బద్ధకం. ఆ బద్ధకం మీద ఇతరులు వ్యాపారం చేసుకుంటారు.

ఇప్పుడు అసలు జహర్ పేరు చెబుతాను: బెంజీన్. పెట్రోల్‌లో అది ఉంటుంది. బీఎస్-6 పెట్రోల్‌లో కూడా ఘనపరిమాణంలో 1 శాతం వరకు ఉండొచ్చని మన ప్రమాణమే ఒప్పుకుంటుంది. అది మనుషులకు క్యాన్సర్ తెస్తుందని రుజువైన పదార్థాల మొదటి వరుసలో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దాన్ని చేర్చింది. ముఖ్యంగా రక్త క్యాన్సర్, అంటే లుకేమియా. ఎముకల మూలుగలో రక్తం తయారయ్యే చోటే అది దెబ్బ కొడుతుంది.

తాగే నీటిలో బెంజీన్ లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. అమెరికాలో హద్దు 5. యూరోపియన్ యూనియన్‌లో 1. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. ఒక లెక్క వేయండి. ఒక లీటరు పెట్రోల్‌లో 1 శాతం అంటే 10 మిల్లీలీటర్ల బెంజీన్, సుమారు 8.8 గ్రాములు. అదంతా నీళ్లలో కలిస్తే దాదాపు 8 లక్షల 80 వేల లీటర్ల నీటిని ఆ 10 మైక్రోగ్రాముల హద్దుకు చేర్చడానికి సరిపోతుంది. ఒక్క లీటరు పెట్రోలు సంగతి ఇది. భూమిలో పాతిన ట్యాంకు అతుకు దగ్గరో, పైపు జాయింటు దగ్గరో సెకనుకు ఒక చుక్క కారితే రోజుకు నాలుగు లీటర్లు దాటుతుంది, ఏడాదికి పదిహేను వందల లీటర్లు దాటుతుంది. రోజూ వేల లీటర్లు అమ్మే చోట నాలుగు లీటర్ల తేడా రిజిస్టర్‌లో ఎవరికి కనిపిస్తుంది? ఎండకు ఆవిరైందని రాసుకుంటారు.

మరి వాసన? నీళ్లలో బెంజీన్ మన ముక్కుకు తెలియాలంటే ఆ హద్దుకు ఎన్నో పదుల రెట్లు, తరచు వంద రెట్లు పైన ఉండాలి. పెట్రోల్‌లో ఘాటైన వేరే పదార్థాలు ఉంటాయి కాబట్టి మనకు వాసన ముందుగా తెలియొచ్చు. అంటే వాసన వచ్చిందంటే పెట్రోలు చేరిందని గట్టి సబూత్. వాసన రాలేదంటే మాత్రం అది దేనికీ సబూత్ కాదు. మన సదర్ సాబ్ ఎలాన్ ఈ రెండో మాట మీద నిలబడింది.

వాసన ఎందుకు పోయిందో కూడా తెలుసుకోండి. పెట్రోలు నీటికంటే తేలిక. భూమిలోకి దిగినది మట్టి సందుల్లో కొంత అతుక్కుని, మిగతాది భూగర్భ జలం మీద తెట్టులా తేలుతుంది. వానలకు నీటిమట్టం పైకి వచ్చినప్పుడు మట్టిలో ఇరుక్కున్నది కదులుతుంది, వాసన వస్తుంది. మట్టం కిందికి దిగినప్పుడు అది మళ్లీ మట్టికి అంటుకుని ఉండిపోతుంది, వాసన తగ్గుతుంది. వచ్చిన ముసాఫిర్ వెళ్లిపోయాడని మనం అనుకుంటున్నాం. వాడు మేడ దిగి కింద గదిలో పడుకున్నాడు. వచ్చే వానాకాలానికి మళ్లీ లేస్తాడు. అందుకే ఒక్క పరీక్షతో తేలదు. వానలకు ముందొకసారి, వానల తర్వాత ఒకసారి చూడాలి.

ఇక నీళ్లు పట్టిన తీరు. బెంజీన్ గాలి తగిలితే ఎగిరిపోయే రకం. మస్జిద్ బోరు నీళ్లు మొదట మేడ మీద సింటెక్స్ ట్యాంకులోకి ఎక్కుతాయి, ఎండలో రోజంతా కాగుతాయి, తర్వాత పైపుల్లో దిగి వుజూఖానా కొళాయికి వస్తాయి. ఆ కొళాయి నుంచి ప్లాస్టిక్ బాటిల్‌లో పట్టి, మూతకు కింద గాలి వదిలి, బండి డిక్కీలో పెట్టుకుపోతే ల్యాబ్‌కు చేరేసరికి అందులో ఏం మిగులుతుంది? దొంగను దొడ్డిదారిన పంపేసి ఇల్లంతా సోదా చేసినట్టు.

సరైన పద్ధతి కష్టమైనదేం కాదు. బోరును కాసేపు నడిపి, నిలవ ఉన్న నీళ్లు పోయాక, ట్యాంకుకు ఎక్కకముందే బోరు మూతి దగ్గర పట్టాలి. ల్యాబ్ ఇచ్చే చిన్న గాజు సీసాల్లోనే పట్టాలి. టెఫ్లాన్ పొర ఉన్న మూత, నిండా నీళ్లు, లోపల ఒక్క గాలి బుడగ కూడా ఉండకూడదు. చెడకుండా అందులో కొన్ని చుక్కల ఆమ్లం వేస్తారు. ఐసు పెట్టెలో పెట్టి పంపాలి. ఆమ్లం వేసిన సీసాను 14 రోజుల్లోపు పరీక్షించాలి. ఎవరు పట్టారు, ఏ తేదీ, ఏ సమయం, ఎవరి చేతికి ఇచ్చారు అన్నది కాగితం మీద ఉండాలి. గవాహీ లేని నిఖాను మనం ఒప్పుకోం. గవాహీ లేని సీసాను ఎందుకు ఒప్పుకున్నాం?

అడగాల్సిన పరీక్షల పేర్లు కూడా రాసుకోండి. ఒకటి, బెంజీన్, టోలిన్, ఇథైల్ బెంజీన్, జైలీన్. ఈ నాలుగింటినీ కలిపి బీటెక్స్ అంటారు. రెండు, టీపీహెచ్, అంటే మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్లు. పెట్రోలు తరహా తేలిక భాగం, డీజిల్ తరహా బరువు భాగం విడివిడిగా చూపాలి. "వాటర్ టెస్ట్ చేయండి" అంటే ల్యాబ్ తన దగ్గర మామూలుగా ఉన్న జాబితా చేసి ఇస్తుంది. అది దాని తప్పు కాదు, మనం అడిగింది అంతే. "మీ ఎన్‌ఏబీఎల్ గుర్తింపు పరిధిలో బెంజీన్ ఉందా? ఎన్ని మైక్రోగ్రాముల దాకా పట్టగలరు?" అని అడగండి. పట్టగలిగే హద్దే 50 మైక్రోగ్రాములైతే, "కనబడలేదు" అన్న మాటకు ఖీమత్ లేదు.

మట్టి పరీక్ష సంగతి ఇంకా ఘోరం. దాన్ని అడిగేవాళ్లే లేరు. పాత ట్యాంకు తీసి కొత్తది పెట్టేటప్పుడు గుంట అడుగున మట్టిని పరీక్షించాలి. బర్మా లాంటి పరికరంతో వేర్వేరు లోతుల్లో, నీరు తగిలే దాకా దించి మట్టి తీయాలి. పైపైన గుప్పెడు మట్టి ఎత్తుకుపోతే ఏమీ తెలియదు, ఎందుకంటే పైన ఉన్నది ఎప్పుడో ఆవిరైపోయి ఉంటుంది. నీళ్లు ఏ దిక్కుకు పారుతున్నాయో తెలియాలంటే ఒక్క బోరు చాలదు, ఒకే వరుసలో లేని కనీసం మూడు గుంటల్లో నీటిమట్టం కొలవాలి. ఇవన్నీ చేయకుండా గుంట పూడ్చి, పైన టైల్స్ పరిచేస్తే కింద ఏముందో ఖయామత్ దాకా ఎవరికీ తెలియదు, దాని పక్కన బోరు వేసుకున్న ఇల్లాలికి తప్ప.

కొందరు దూరం లెక్క చెబుతారు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో కొత్త బంకులకు ఒక నియమం పెట్టింది. బడులు, పది పడకలు పైబడిన ఆస్పత్రులు, నివాస ప్రాంతాల నుంచి 50 మీటర్లు, వీలుకాని చోట అదనపు జాగ్రత్తలతో కనీసం 30 మీటర్లు ఉండాలి. మంచిదే. అయితే అది కొత్త బంకులకు. పైగా భూమి లోపలి నీళ్లు టేపు పట్టుకుని నడవవు. మా కర్నూలు, కడప వైపు అడుగున నాపరాయి, సున్నపురాయి. బెలుం గుహలు చూసినవాళ్లకు సున్నపురాయిలో నీళ్లు ఎలాంటి దారులు చేసుకుంటాయో చెప్పక్కర్లేదు. హైదరాబాద్ వైపు గ్రానైట్, అక్కడ నీళ్లు పగుళ్ల వెంట పోతాయి. ఇలాంటి రాతిలో పక్కింటి బోరు బాగుండి, పది ఇళ్ల అవతలి బోరు పాడవ్వొచ్చు. "బంకు పక్క ఇంట్లోనే లేదు, మీకెలా వస్తుంది?" అని అడిగేవాడికి రాయి తెలియదు, లేదా తెలిసీ తెలియనట్టు నటిస్తున్నాడు.

ఇంకో కొత్త సంగతి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. మట్టిలోని సూక్ష్మజీవులు బెంజీన్‌ను మెల్లగా తినేయగలవు, అది అల్లాహ్ ఏర్పాటు చేసిన సఫాయీ. కానీ ఇథనాల్ దొరికితే అవి ముందు దాన్నే తింటాయి, అక్కడి ఆక్సిజన్ అంతా దానికే ఖర్చవుతుంది. బెంజీన్ ఎక్కువ కాలం మిగిలి, ఎక్కువ దూరం పోయే ప్రమాదం ఉంది. ఇంధనం మారింది. పరీక్షల అలవాటు మాత్రం మారలేదు.

ఇప్పుడు సర్కారు వైపు చూద్దాం. మన దేశంలో తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500. 2012లో వచ్చిన ఆ పట్టిక చదవండి. పురుగుమందుల పేర్లు వరుసగా ఉన్నాయి. మినరల్ ఆయిల్ అని ఒక గంపగుత్త పేరు ఉంది. దానికి హద్దు లీటరుకు 0.5 మిల్లీగ్రాములు, అంటే 500 మైక్రోగ్రాములు. బెంజీన్ అన్న పేరు లేదు. ఊరూరా, వీధి వీధికీ పెట్రోల్ బంకు ఉన్న దేశంలో, తాగునీటి పట్టికలో బెంజీన్ లేదు! ల్యాబ్ "యోగ్యం" అని ముద్ర వేస్తే అబద్ధం చెప్పినట్టు కాదు. పట్టికలో లేనిదాన్ని వెతకలేదు, అంతే. చట్టం కళ్లు మూసుకున్న చోట నిజాయితీపరుడు కూడా గుడ్డివాడే అవుతాడు.

ఇదంతా ఊహ అనుకునేవాళ్లు చెన్నై తొండయార్‌పేట సంగతి తెలుసుకోండి. ఉత్తర చెన్నైలో తెలుగువాళ్లూ, మనవాళ్లూ తరాలుగా ఉంటున్న ప్రాంతం అది. 2013లో అక్కడ ఇళ్ల బోర్లలో నీళ్లతో పాటు చమురు వచ్చింది. భూమి కింద పోతున్న చమురు పైపులైను లీకే కారణం. విషయం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. భూమిలోంచి ఆ చమురును తోడి బయటికి తీసే పని ఏళ్ల తరబడి సాగింది. మొదట పసిగట్టింది ఏ అధికారీ కాదు. ఇంట్లో బకెట్టు నింపుకున్న మామూలు మనుషులు. మా ఖాలా లాంటివాళ్లు.

రాజస్థాన్‌లో బిచ్‌ఢీ అనే ఊరు ఉంది. రసాయన కర్మాగారాల వ్యర్థాలకు అక్కడ బావుల్లో నీళ్లు రంగు మారిపోయాయి. 1996లో సుప్రీంకోర్టు కాలుష్యం చేసినవాడే శుభ్రం చేసే ఖర్చూ, నష్టపరిహారమూ భరించాలని ఫైసలా ఇచ్చింది. ఆ డబ్బు కట్టకుండా సాగదీస్తూ పోతే 2011లో అదే కోర్టు మళ్లీ చక్రవడ్డీతో కట్టమని చెప్పాల్సి వచ్చింది. పదిహేనేళ్లు! ఇన్సాఫ్ ఉంది, కానీ దాని కాళ్లకు చెప్పులు లేవు. మనం వెంట నడిస్తేనే అది కదులుతుంది.

అందరికీ నచ్చని మాట ఇక్కడ చెప్పాలి. మా కమిటీలో ఒక పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచి అన్నాడు: "మియా, బంకాయన ప్రతి రంజాన్‌కు ఇఫ్తార్‌కు సాయం చేస్తాడు. గొడవెందుకు?" జనాబ్, ఆయన ఇచ్చిన ఖర్జూరాలకు షుక్రియా. ఖర్జూరం తిని, దాని మీద మన పిల్లలు తాగే నీళ్ల సంగతి అడగకూడదంటే అది సాయం కాదు, రిష్వత్. ఆయనే మంచివాడైతే మన సవాల్ ఆయనకూ మేలే. ఆయన ట్యాంకు కారుతుంటే పోయేది ఆయన సొమ్మే. అక్కడ పంపు పట్టుకుని నిలబడే కుర్రాళ్లు ఆ ఆవిరి పీలుస్తూ ఆ నీళ్లే తాగుతారు. వాళ్లలో మన మొహల్లా పిల్లలూ ఉన్నారు.

ఇంకొకాయన అన్నాడు: "ఇప్పుడున్న హాలాత్‌లో ముసల్మానులు మస్జిద్ నుంచి కాగితం పెడితే వేరే రంగు పులుముతారు. ఖామోష్‌గా ఉండటం మేలు." ఈ భయం ఉత్తది కాదు, నాకూ ఉంది. కానీ నీళ్లకు మజహబ్ లేదు. మా గల్లీ చివర ఇల్లు ఒక హిందూ టీచరమ్మది, ఆమె బోరు కూడా అదే రాయిలో ఉంది. అర్జీ మీద మొదటి సంతకం ఆమెను అడుగుదాం, రెండోది మనం పెడదాం. మొహల్లా అర్జీ అవుతుంది. ఖామోషీకి ఒక ధర ఉందని కూడా గుర్తుంచుకోండి. హరిత ట్రైబ్యునల్ చట్టం ప్రకారం వివాదం తేల్చమని అడగడానికి గడువు 6 నెలలు. నష్టపరిహారం, శుభ్రం చేయించడం అడగడానికి 5 ఏళ్లు. రెండూ కారణం మొదట పుట్టిన రోజు నుంచే లెక్క. మనం సబర్ అనుకుని కూర్చున్నది అక్కడ గడువు దాటిపోవడం కింద రాసుకుంటారు.

"తక్దీర్‌లో ఉన్నది తప్పదు" అన్నవాళ్లకు ఒకే మాట. ఒంటెను కట్టి తవక్కుల్ చేయాలని మనకు నేర్పారు. మన ఒంటె ఇంకా కట్టలేదు.

మన చేతులు కూడా చూసుకుందాం. మన ఊళ్లలో మెకానిక్ షెడ్లు ఎవరివి? ఎక్కువగా మనవాళ్లవే. ఉస్తాదులు, షాగిర్దులు, చెమట కార్చి సంపాదించిన హలాల్ రోజీ. కానీ ఇంజన్ నుంచి తీసిన కాలిన ఆయిల్‌ను షెడ్డు వెనక మట్టిలో పారబోయడం ఎన్ని చోట్ల మన కళ్లతో చూశాం? దుమ్ము లేవకుండా నేల మీద చల్లడం ఎన్ని చోట్ల? పెట్రోల్‌తో పార్టులు కడిగి ఆ డబ్బా మోరీలో వంచడం? కాలిన ఆయిల్‌లో క్యాన్సర్ తెచ్చే పదార్థాలు, లోహాలు ఉంటాయి. 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల కింద అది ప్రమాదకర వ్యర్థం. డ్రమ్ములో పట్టి, అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకు ఇవ్వాలి, దానికి డబ్బులు కూడా వస్తాయి. బంకు మీద వేలు చూపించే ముందు మన షెడ్ల వెనక మట్టి కూడా పరీక్షకు ఇద్దాం. అలా చేస్తే మన మాటకు ఎవరూ ఎదురు చెప్పలేరు. ఇతరులకు నష్టం చేయకూడదు, నష్టానికి బదులుగా నష్టమూ చేయకూడదు అన్న ఉసూల్ మీద మన ఫుఖహా ఎన్నో మస్అలాలు నిలబెట్టారు. ఆ ఉసూల్ బంకుకూ వర్తిస్తుంది, షెడ్డుకూ వర్తిస్తుంది.

ఇక ఇంట్లో చేసుకునే ఉపాయాలు. "మరిగిస్తే పోతుంది కదా" అంటారు అమ్మీలు. పోతుంది, పొయ్యి దగ్గర నిలబడ్డ అమ్మీ ఊపిరిలోకి. ఆర్‌వో పెట్టుకున్నాం అంటారు కాస్త ఉన్నవాళ్లు. అందులోని బొగ్గు ఫిల్టర్ కొంత పట్టుకుంటుంది. అది నిండాక పట్టదు, నిండిందో లేదో పైకి తెలియదు. పైగా స్నానానికీ, గిన్నెలకీ, బట్టలకీ ఆ బోరు నీళ్లే. ఆ ఆవిరి ఇంట్లోనే ఉంటుంది. అనుమానం ఉన్నంతకాలం తాగడానికీ వంటకీ వేరే నీళ్లు తెచ్చుకోవడం ఒక్కటే మార్గం. ఆ ఖర్చు గల్లీలోని కూలీ మనిషి మీద ఎందుకు పడాలి? అది ఇంకో సవాల్.

కాబట్టి మా కమిటీ ముందు నేను పెట్టిన మాటలు ఇక్కడ కూడా పెడుతున్నాను. మీ ఊరికీ పనికొస్తాయి.

ఆ పాత రిపోర్టు రద్దు అనుకోండి. బోరు మూతి దగ్గర, పైన చెప్పిన పద్ధతిలో, కమిటీవాళ్లూ మొహల్లావాళ్లూ చూస్తుండగా మళ్లీ నీళ్లు పట్టించండి. బీటెక్స్, టీపీహెచ్ అని పేర్లు రాసి ఇవ్వండి. మొదటి పరీక్ష ఖర్చు కొన్ని వేలు. అది మనమే పెట్టుకుందాం, ల్యాబ్ కూడా మనమే ఎంచుకుందాం, ఎందుకంటే అవతలివాడి డబ్బుతో వచ్చిన కాగితం ఎలా ఉంటుందో ఒకసారి చూశాం. అందులో ఏదైనా తేలితే ఆపై మట్టి పరీక్ష, శుభ్రం చేయడం, ఇంటింటికీ మంచినీళ్లు, అంతా కాలుష్యం చేసినవాడి జిమ్మేదారీ. అది మన దానం కాదు, మన హక్.

కాలుష్య నియంత్రణ మండలికి, మునిసిపాలిటీకి, కలెక్టర్ ఆఫీసుకు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ మీద నియమాలు తెచ్చింది. అనుమానం ఉన్న స్థలాలను గుర్తించి మండలికి చెప్పాల్సిన బాధ్యత స్థానిక సంస్థల మీద, జిల్లా యంత్రాంగం మీద పెట్టింది. మా స్థలాన్ని ఆ జాబితాలో చేర్చండి అని రాతపూర్వకంగా అడగండి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి, ఆ బంకు ట్యాంకులు ఎప్పుడు పాతారు, వాటికి లీకు పరీక్ష ఎప్పుడు చేశారు, చుట్టుపక్కల నీళ్లు ఎప్పుడైనా చూశారా అని అడగండి. చూడలేదు అని జవాబు వచ్చినా అది కూడా ఒక సబూతే.

తాగునీటి పట్టికలో బెంజీన్‌ను చేర్చాలని మన ఎమ్మెల్యే, ఎంపీ సాహెబులను అడగండి. ఎన్నికలప్పుడు దర్గాకు చాదర్ తెచ్చేవాళ్లు ఈసారి ఒక ప్రశ్న కూడా మోసుకెళ్లనీ.

మదీనాలో మంచినీళ్లకు కష్టమైనప్పుడు హజ్రత్ ఉస్మాన్ (రజి) రూమా బావిని సొంత డబ్బుతో కొని అందరికీ వక్ఫ్ చేశారు. హారూన్ రషీద్ బేగం జుబైదా మక్కా హాజీల కోసం కాలువ తవ్వించారు. ఆ కథలు మనం బయాన్లలో వింటాం, కళ్లు చెమర్చుకుంటాం. మస్జిద్ బోరు కూడా వక్ఫే, దాని నీళ్లు అమానత్. బావి కొని ఇచ్చినవారి పేరు చెప్పుకునే ఉమ్మత్, ఉన్న బోరులో ఏముందో చూడటానికి ఒక గాజు సీసా కొనలేదా?

ఆ ఖాలా మొన్న మళ్లీ కనిపించింది. "నీళ్లు బాగున్నాయంట కదా బేటా, కాగితం వచ్చిందంట" అంది. నేను ఏం చెప్పాలి? "తెలియదు ఖాలా, ఇంకా ఎవరూ చూడలేదు" అన్నాను. ఆమె కాసేపు నా మొహంలోకి చూసి, "అయితే మనవడికి ఇవి పట్టించొద్దంటావా?" అంది. వద్దన్నాను. చెంబులో నీళ్లు మెట్ల పక్కన చెట్టుకు పోయబోయి, ఆగి, మోరీలో పోసేసింది.

వచ్చే జుమా తర్వాత కమిటీ కూర్చుంటోంది. మా మొహల్లావాళ్లు దయచేసి ఆగండి, సలాం చెప్పుకుని వెళ్లిపోకండి. వేరే ఊళ్లవాళ్లు మీ మస్జిద్ బోరుకూ, దగ్గరి బంకుకూ, షెడ్డుకూ మధ్య ఎన్ని అడుగులో ఒకసారి నడిచి చూడండి. అల్లాహ్ మన పిల్లలను కనిపించని హాని నుంచి కాపాడుగాక, కళ్లు తెరిచి వెతికే హిమ్మత్ మనకు ఇచ్చుగాక. ఆమీన్.